ఆ పిల్లాడు ఆమెను ఏమని పిలిచాడు?



షినిచి కుదో పదిహేడేళ్ల కుర్రాడు. హైస్కూల్లో చదువుతూనే పోలీసులకు అంతుపట్టని కేసులు తేల్చేస్తుంటాడు. చిన్నప్పటి నుంచీ తనతో కలిసి పెరిగిన రాన్ అనే అమ్మాయితో ఒకరోజు అమ్యూజ్‌మెంట్ పార్కుకు వెళ్తాడు. అక్కడ నల్లకోటు మనుషుల రహస్య బేరం కంటబడుతుంది. వెనక నుంచి ఒకడు వచ్చి తలమీద కొట్టి, ఏదో మందు మింగించి పోతాడు. ప్రాణం పోదు గానీ ఒళ్లు కుంచించుకుపోయి, ఒకటో తరగతి పిల్లాడి రూపం వస్తుంది. రాన్ ఎదురుపడి పేరడిగితే, వెనక అరలో ఉన్న పుస్తకాల మీది పేర్లు చూసి, ఆర్థర్ కోనన్ డాయల్ నుంచి ఒక ముక్క, జపాన్ డిటెక్టివ్ రచయిత ఎదొగావా రాంపో నుంచి ఒక ముక్క కలిపి 'ఎదొగావా కోనన్' అని చెప్పేస్తాడు. అప్పటి నుంచి ఆమె ఇంట్లోనే ఉంటాడు. తానెవరో మాత్రం చెప్పకూడదు. చెబితే ఆమె ప్రాణానికే ముప్పు. నిన్నటిదాకా 'రాన్' అని పేరు పెట్టి పిలిచిన నోటితోనే ఇక మీదట 'రాన్ నేచన్' అని పిలవాలి. నేచన్ అంటే అక్క. మనసిచ్చిన అమ్మాయిని, ఆమె ఎదుటే నిలబడి, రోజూ అక్కా అని పిలవాలి.

గోషో అవోయామా బొమ్మల కథల ఆధారంగా 1996 జనవరిలో జపాన్ టీవీలో మొదలై ఇప్పటికీ నడుస్తున్న 'డిటెక్టివ్ కోనన్' సిరీస్‌కు పునాది ఇదే. హత్యలు వారం వారం మారుతుంటాయి. ఆ పిలుపు మాత్రం మారదు. అతని వేషంలో కళ్లజోడు ఎంతో ఆ పిలుపూ అంతే. ఎప్పుడైనా కంగారులో ఉత్త 'రాన్' అని నోరు జారితే, చూసేవాళ్ల గుండె ఒక్కసారి ఆగుతుంది. 2004లో ఈ సిరీస్ అమెరికా టీవీకి వెళ్లింది. టెక్సాస్‌కు చెందిన ఫ్యూనిమేషన్ సంస్థ ఇంగ్లీష్ డబ్బింగ్ చేయించింది. సిరీస్ పేరు 'కేస్ క్లోజ్డ్' అయింది, షినిచి జిమ్మీ అయ్యాడు, రాన్ రేచెల్ అయింది. అభిమానులు ఎక్కువగా గొడవపడింది ఈ పేర్ల గురించే. నాకు బాధ కలిగించేది మరొకటి ఉంది. షినిచిగా ఉన్నప్పుడు ఆమె రేచెలే. కోనన్‌గా ఉన్నప్పుడూ చాలా చోట్ల ఉత్త రేచెలే. రెండు పిలుపుల మధ్య ఉన్న గోడ పోయింది. గోడ లేనప్పుడు అతని నోరు జారడానికి చోటెక్కడిది? గుండె ఆగాల్సిన చోట ఇంగ్లీష్ ప్రేక్షకుడికి ఏమీ వినిపించదు, ఏదో పోయిందని కూడా తెలియదు.

ఈ ప్రసంగంలో నేను చెప్పదలచింది ఇదే. జపాన్ యానిమే, అంటే అక్కడి యానిమేషన్ కథలు, ఇంగ్లీష్‌లోకి వెళ్లిన ఈ అరవై ఏళ్లలో వాదాలన్నీ పేర్ల గురించి, తిండి గురించి, కత్తిరించిన దృశ్యాల గురించి సాగాయి. అవి చిన్న విషయాలని అనను. కానీ ఒక డబ్బింగ్ మంచిదా చెడ్డదా అని తూచడానికి వాటికంటే నమ్మకమైన తూకం ఒకటుంది. పాత్రల మధ్య వరస నిలిచిందా లేదా అన్నదే ఆ తూకం. వరస అంటే ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, ఆ పిలుపు ఎప్పుడు మారుతుంది అన్నది. ఇంగ్లీష్ డబ్బింగ్‌లు జపాన్ మూలాన్ని మార్చి దాచిపెట్టిన చరిత్ర మాత్రం పొడుగ్గానే ఉంది. ఒసాము తెజుకా సృష్టించిన 'తెత్సువాన్ ఆతోము' 1963 జనవరి 1న జపాన్‌లో మొదలై, అదే ఏడాది అమెరికాలో 'ఆస్ట్రో బాయ్' అయింది. 1985లో వచ్చిన 'రోబోటెక్' కథ ఇంకా విచిత్రమైనది. అమెరికాలో వారానికి ఐదు రోజులు వేసే ధారావాహికకు కనీసం 65 భాగాలు కావాలి. 'మాక్రోస్' సిరీస్‌లో ఉన్నవి 36 మాత్రమే. అందుకని దానితో ఏ సంబంధమూ లేని మరో రెండు సిరీస్‌లను తెచ్చి, మాటలు మార్చి, మూడు తరాల ఒకే కథగా కుట్టి 85 భాగాలు చేశారు. 'పోకెమాన్'లో పిల్లలు ఒనిగిరి తింటుంటే, అంటే మూడు మూలల అన్నం ముద్దకు నల్లటి సముద్రపు నాచు చుట్టినది తింటుంటే, ఇంగ్లీష్ గొంతు వాటిని జెల్లీ నింపిన డోనట్లు అంది. కళ్లెదుట అన్నం కనిపిస్తుంటే చెవిలో డోనట్ అంటే ఏ పిల్లవాడు నమ్ముతాడు? అయితే అదే సిరీస్‌లో ఒక చక్కని పని కూడా జరిగింది. అందులో దొంగల జంట పేర్లు జపనీస్‌లో ముసాషి, కొజిరో. 1612లో ద్వంద్వయుద్ధం చేసిన ఇద్దరు కత్తివీరుల పేర్లవి. ఇంగ్లీష్‌లో వాళ్లు జెస్సీ, జేమ్స్ అయ్యారు. రెండూ కలిపి పలికితే అమెరికాలో పేరుమోసిన బందిపోటు జెస్సీ జేమ్స్ వినిపిస్తాడు. పేర్లు రెండూ మారాయి, అయినా ఒకటి లేనిదే రెండోది లేని జత జతగానే నిలిచింది.

ఈ తూకం పనిచేస్తుందో లేదో చూడటానికి 'సెయిలర్ మూన్'ను మించిన సిరీస్ లేదు. నవోకో తకెయుచి కథ ఇది. 1992లో జపాన్‌లో మొదలైంది, 1995లో ఇంగ్లీష్‌లో వచ్చింది. నాయిక పేరు త్సుకినో ఉసాగి. త్సుకి అంటే చంద్రుడు, ఉసాగి అంటే కుందేలు. పేరులోనే చంద్రుడి కుందేలు ఉంది. జపాన్‌వాళ్లు చంద్రబింబంలో పిండి దంచుతున్న కుందేలును చూస్తారు. చంద్రుణ్ణి శశాంకుడు, శశి అని పిలుచుకునే మనకు ఈ పేరు విప్పి చెప్పనక్కర్లేదు. శశం అంటే కుందేలే. మన బౌద్ధ జాతక కథల్లోని కుందేలు జపాన్ పాత కథల సంపుటాల దాకా నడిచి వెళ్లిందే. ఇంగ్లీష్‌లో ఆ అమ్మాయి సెరీనా అయింది. కుందేలు పోయింది. ఆమె రెండు ముడుల జుట్టును వెక్కిరిస్తూ కథానాయకుడు మొదట్లో 'ఒదాంగో అతామా' అంటాడు, బియ్యపు పిండి ఉండల్లాంటి తలదానా అని. ఇంగ్లీష్‌లో అది 'మీట్‌బాల్ హెడ్' అయింది. పిండి ఉండ మాంసం ఉండ అయిందని చాలామంది కోప్పడ్డారు. నేను కోప్పడను. ఆ మాటలో జరగాల్సింది ఏడిపించడం. ఏడిపించడం నిలిచింది, ఉడుక్కోవడం నిలిచింది, ఆ ఉడుకు మెల్లగా చనువుగా కరగడమూ నిలిచింది. ఇక రెండో వైపు చూడండి. తర్వాతి భాగాల్లో హరుకా, మిచిరు అనే ఇద్దరమ్మాయిలు వస్తారు. వాళ్లిద్దరూ ప్రేమికులు. 2000లో అమెరికాలో ప్రసారమైన ఇంగ్లీష్ రూపంలో వాళ్లను కజిన్లు చేశారు. దృశ్యాల్లో ఒకరినొకరు చూసుకునే చూపు అదే, చేతులు పట్టుకునే తీరు అదే, నోట మాత్రం చుట్టరికం. చూసే పిల్లలకు ఆ ఇద్దరూ అర్థం కాకుండా పోయారు. పిండి ఉండ మాంసం ఉండ కావడానికీ, ప్రేమికులు చుట్టాలు కావడానికీ మధ్య ఎంత దూరం ఉందో చూశారా? మొదటిదానిలో వస్తువు మారింది. రెండోదానిలో కథే తెగిపోయింది. 2014 నుంచి మరో సంస్థ మొత్తం సిరీస్‌ను కోతలు లేకుండా కొత్తగా డబ్బింగ్ చేయించి, ఉసాగికి ఆమె పేరునూ, ఆ ఇద్దరికీ వాళ్ల ప్రేమనూ తిరిగి ఇచ్చింది. అప్పటి మార్కెట్ ఒప్పుకోదన్న వాదన మరో ఇరవై ఏళ్లు కూడా నిలబడలేదు.

డబ్బింగ్ రచయితల పక్షాన ఎప్పుడూ వినిపించే జవాబు ఒకటుంది. పెదవులు కలవాలి కదా, మేమేం చేస్తాం అంటారు. తెలుగువాళ్లకు ఈ కష్టం కొత్త కాదు. 1950లో 'ఆహుతి' అనే హిందీ డబ్బింగ్ చిత్రానికి శ్రీశ్రీ మాటలూ పాటలూ రాసిన కాలం నుంచీ మన రచయితలు ఇందులో ఆరితేరినవాళ్లే. తెరమీద నటుడి పెదవులు కలిసినచోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి, నోరు తెరిచినచోట ఆ, ఓ పడాలి. మనిషి ముఖం అంత నిర్దయగా లెక్క అడుగుతుంది. గీసిన బొమ్మ అలా అడగదు. చాలా టీవీ యానిమేలలో మామూలు సంభాషణకు మూడు నోళ్లు గీస్తారు. మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. వాటినే తిప్పి తిప్పి వాడతారు. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందన్నదే అక్కడ ముఖ్యం, ఏ అక్షరం అన్నది కాదు. కాబట్టి పెదవుల వల్ల పోయిందన్నది యానిమే విషయంలో సగం నిజమే. ఆ సగానికి ఉదాహరణ 'నరుతో'. అందులో కుర్రాడు వాక్యం చివర 'దత్తెబయో' అంటుంటాడు. విడిగా పెద్ద అర్థం లేని తోక అది, మనలో కొందరు ప్రతి మాటకూ 'మరి' తగిలించినట్టు. నోరు కదులుతోంది కనుక ఏదో ఒకటి పడాలి. ఇంగ్లీష్‌లో 'బిలీవ్ ఇట్' పడింది, కొన్నాళ్లకు అదీ తగ్గిపోయింది. కానీ నేచన్ అనే చోట ఒక పిలుపుకు సరిపడా కాలం తెరమీద ఉంది. అక్కడ రేచెల్ పట్టింది. పట్టిన పేరులోకి గొంతుతో ఒక పసితనాన్ని, ఒక తడబాటును నింపే వీలూ ఉంది. ఆ వీలును వాడుకున్నారా లేదా అన్నదే ప్రశ్న.

వాడుకోలేకపోవడానికి స్టూడియో పద్ధతిలోనే ఒక కారణం ఉంది. దీని గురించి బయట మాట్లాడేవాళ్లు తక్కువ. జపాన్‌లో పాత్రల గొంతులిచ్చే కళాకారులు ఆనవాయితీగా ఒకే గదిలో నాలుగైదు మైకుల ముందు చేరి, ఒకరి మాటకు ఒకరు బదులిస్తూ పలుకుతారు. అమెరికాలో ఎక్కువగా ఒక్కొక్కరినే గాజుగదిలో నిలబెడతారు. చెవిలో మూడు బీప్‌లు వినిపిస్తాయి, నాలుగోది వినిపించాల్సిన క్షణంలో మాట అందుకోవాలి. ఎదుటి పాత్రకు గొంతిచ్చే మనిషి ఇంకా స్టూడియోకే రాకపోయి ఉండవచ్చు. వరస అనేది ఇద్దరి మధ్య పుట్టేది. ఒక్కరే నిలబడి పలికినప్పుడు దాన్ని మోయాల్సిన భారమంతా స్క్రిప్టు రాసినవారి మీద, పక్కన కూర్చున్న డబ్బింగ్ డైరెక్టర్ మీద పడుతుంది. వాళ్లకు దొరికే సమయం, డబ్బు చూస్తే ఇంత మంచి పనులు ఎలా చేయగలుగుతున్నారా అని గౌరవం కలుగుతుంది.

ఇప్పుడు కాలం మారింది, ఎవరూ అన్నాన్ని డోనట్ అనడం లేదు, మూలానికి కట్టుబడే రోజులొచ్చాయి, ఇక ఈ ఆవేదన ఎందుకు అనవచ్చు. మూలానికి కట్టుబడటం అంటే ఏమిటో 'ఇవాంగెలియన్' చెబుతుంది. హిదెయాకి అన్నో తీసిన ఈ సిరీస్ 1995లో మొదలై 26 భాగాలతో ముగిసింది. ఇరవై నాలుగో భాగంలో కవొరు అనే కుర్రాడు షింజి అనే కుర్రాడితో ఒక మాట అంటాడు. ఇద్దరిదీ పద్నాలుగు పదిహేనేళ్ల వయసు. షింజిని జీవితంలో ఎవరూ దగ్గరికి తీసిన పాపాన పోలేదు. కవొరు అన్న మాటలో 'సుకి' అనే పదం ఉంది. తొలి ఇంగ్లీష్ డబ్బింగ్‌లో దాన్ని 'లవ్' అన్నారు. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్ కొత్త అనువాదంతో విడుదల చేసినప్పుడు అది 'లైక్' అయింది. పెద్ద దుమారం లేచింది. మూలంలో అస్పష్టత ఉంది, దాన్ని ప్రేక్షకుడికే వదలాలి అన్నది కొత్త అనువాదం పక్షాన వచ్చిన జవాబు. సూత్రంగా ఆ జవాబు నాకు నచ్చుతుంది. చిక్కు ఎక్కడంటే, ఇంగ్లీష్‌లో లైక్ అనే మాట ఆ దృశ్యంలో తలుపు తెరిచి ఉంచదు, మూసేస్తుంది. లవ్ కూడా మూసేస్తుంది, రెండో వైపు నుంచి. సుకి మాత్రం తెరిచే ఉంచుతుంది. మన 'ఇష్టం'లాగా. నువ్వంటే నాకిష్టం అని తల్లి బిడ్డతో అనవచ్చు, స్నేహితుడు స్నేహితుడితో అనవచ్చు, ప్రేమించినవాళ్లు వణికే గొంతుతో అనవచ్చు. మాట ఒకటే, వరసను నిర్ణయించేది వినే మనిషి గుండె. పదానికి పదం సరిపోయినా పిలుపు బరువు సరిపోకపోవచ్చని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం నాకు దొరకలేదు. నన్నడిగితే ఆ దృశ్యంలో పాత డబ్బింగే కథకు దగ్గర. ఎప్పుడూ ప్రేమ ఎరగని పిల్లాడు ఆ ఒక్క మాట మీద అంత దూరం ఎలా నడిచాడో లైక్ వింటే అర్థం కాదు.

అసలు డబ్బింగే వద్దు, సబ్‌టైటిళ్లు పెట్టుకుని అసలు గొంతులే వినండి అనేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ప్రేమను తక్కువ చేయను. నేచన్ అనే శబ్దం కనీసం చెవిన పడుతుంది కదా అన్నది మంచి మాటే. కానీ తెర కింద రెండు వరుసల్లో పట్టే అక్షరాలు కొన్నే. సబ్‌టైటిళ్లలో ముందుగా ఎగిరిపోయేవి పిలుపులే. పైగా బొమ్మల కథకు మొదటి హక్కుదారులు పిల్లలు, వాళ్లలో ఇంకా చదవడం రానివాళ్లున్నారు. చూపు సరిగా లేని పెద్దవాళ్లున్నారు. వాళ్లకు డబ్బింగ్ ఒక్కటే దారి. ఇంకో విషయం కూడా ఉంది. గీసిన బొమ్మకు పుట్టుకతో వచ్చిన గొంతంటూ లేదు. జపాన్‌లోనూ మామూలుగా బొమ్మలు ముందు, గొంతు తర్వాత. దాన్ని వాళ్లు 'అఫురెకో' అంటారు, తర్వాత చేసే రికార్డింగ్ అని. ఆ మొదటి గొంతు గొప్పదే, కానీ రెండో గొంతు దొంగది కాదు. మరికొందరు సాన్, చన్, సమ లాంటి తోకలన్నీ జపనీస్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఇంగ్లీష్ వాక్యంలో ఉంచమంటారు. కొన్ని కథలకు అది సరిపోతుంది. అయితే తోక వినిపించినంత మాత్రాన బరువు తెలియదు. ఒకరోజు సాన్ రాలిపోయి ఉత్త పేరు పలికినప్పుడు ఆ ఇద్దరి మధ్య ఏం జరిగిందో, ఆ అలవాటు లేని చెవికి ఎలా తెలుస్తుంది? ఇంగ్లీష్‌కు తనదైన సరుకు లేకపోలేదు. మిస్టర్, మిస్, మామ్ ఉన్నాయి. పూర్తి పేరు నుంచి ముద్దుపేరుకు దిగడం ఉంది. అసలు పేరే పిలవకుండా తప్పించుకోవడం ఉంది. 'అజుమాంగా దాయో' సిరీస్‌లో ఒసాకా యాస మాట్లాడే అమ్మాయికి హ్యూస్టన్‌లోని డబ్బింగ్ సంస్థ అమెరికా దక్షిణాది యాస పెట్టింది. ఒసాకాకూ టెక్సాస్‌కూ పోలికేమిటని అడగవచ్చు. పోలిక ఊళ్ల మధ్య లేదు. తరగతిలో తక్కిన పిల్లలకూ ఆ అమ్మాయికీ మధ్య ఉన్న దూరంలో ఉంది. ఆ దూరాన్ని సరిగ్గా కొలిచారు.

ఈ సంగతి మనకూ అవసరమే. యానిమే ఇప్పుడు నేరుగా తెలుగులో మాట్లాడుతోంది. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' మన థియేటర్లలో తెలుగు గొంతులతో కూడా ఆడింది. ఇంగ్లీష్ స్క్రిప్టును ఆధారం చేసుకుని తెలుగు రాస్తే, ఇంగ్లీష్ దగ్గర లేనివన్నీ మనకూ లేకుండా పోతాయి. అక్కడ 'యూ' అని మాత్రమే ఉంటుంది. అది మీరా, నువ్వా, ఒరేయా అన్నది రచయిత ఊహించుకోవాలి. జపనీస్ నుంచి వస్తే ఊహించనక్కర్లేదు, మూలంలోనే రాసి ఉంటుంది. జపనీస్ వాక్యంలోనూ క్రియ చివరే వస్తుంది, మనలాగే. ఆమెను నేను చంప... అని ఆగి, ముఖం దగ్గరగా చూపించి, లేదు అనిపించే దృశ్యం తెలుగులో అదే చోట, అదే క్షణంలో పడుతుంది. అలాగని అన్నీ మనకు నల్లేరు మీద నడకలని కాదు. 2016లో మకొతో షింకాయి తీసిన 'యువర్ నేమ్'లో అబ్బాయి ఒంట్లో చేరిన అమ్మాయి, స్నేహితుల ముందు 'నేను' అనడానికి నాలుగు రకాల మాటలు వాడి చూస్తుంది. ఆడపిల్ల 'నేను' వేరు, మగపిల్లాడి 'నేను' వేరు. మనకు ఉన్నది ఒకటే నేను, దాని క్రియకు ఆడా మగా తేడా కూడా లేదు. అక్కడ తెలుగు రచయిత కూడా ఏరా, ఏమండీ లాంటి ఎదుటివాళ్ల పిలుపుల్లోనే దారి వెతుక్కోవాలి. కోనన్ పిలుపు దగ్గర దీనికి తిరగబడిన కష్టం ఉంది. నేచన్ కంటే మన అక్క బరువు ఎక్కువ. జపాన్‌లో చిన్నపిల్లాడు పక్కింటి అమ్మాయిని నేచన్ అనడం పలకరింపు లాంటిది. మన ఇంట్లో అక్కా అన్న తర్వాత ఆమె ఇక అక్కే, ఆ మాట మీద మరో వరస కలపలేం. ఆ బరువు కథను కుంగదీస్తుందా, ఇంకా లోతుకు తీసుకెళ్తుందా అన్నది రాసేవాళ్లు ఒక్కో దృశ్యం దగ్గర ఆగి తేల్చుకోవాల్సిందే.

ఆ సిరీస్‌లో మళ్లీ మళ్లీ వచ్చే ఒక సన్నివేశం ఉంది. కోనన్ మెడలో ఎర్రటి బో టై ఉంటుంది. షినిచి ఇంటి పొరుగున ఉండే ముసలి శాస్త్రవేత్త చేసిచ్చిన గొంతు మార్చే యంత్రం అది. రాన్ దిగులుగా ఉన్నప్పుడు ఎక్కడో చాటున నిలబడి, ఆ బో టైను నోటికి అడ్డం పెట్టుకుని, షినిచి గొంతుతో ఫోన్ చేస్తాడు. జపనీస్‌లో షినిచికి గొంతిచ్చింది కప్పెయ్ యమగుచి, కోనన్‌కు ఇచ్చింది మినామి తకయామా. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు, ఒకే మనిషి. ఫోన్‌లో అతను రాన్ అని పేరు పెట్టి పిలుస్తాడు. ఆమె కళ్లు తుడుచుకుని కోప్పడుతుంది, నవ్వుతుంది, ఎప్పుడొస్తావని అడుగుతుంది. అతని దగ్గర జవాబుండదు. ఫోన్ పెట్టేస్తాడు. బో టై సర్దుకుని చాటు నుంచి ఇవతలికి వస్తాడు. ఆమె భుజం ఎత్తుకైనా రాడు. తలెత్తి ఆమె ముఖంలోకి చూసి, గొంతులో ఏ వణుకూ తెలియనివ్వకుండా, అక్కా అంటాడు.